దిత్యా అన్న మాట

కార్పాతియన్ కొండల్లోని ఒక గ్రామంలో వసీల్ అనే భాషాపండితుడు ఉండేవాడు. మాటల పుట్టుక తెలుసుకోవడానికి శిష్యులు దూరప్రాంతాల నుంచి ఆయన దగ్గరికి వచ్చేవారు. ప్రశ్న వేయగానే జవాబు చెప్పడం మాత్రం ఆయనకు అలవాటు లేదు.

ఒక చలికాలపు ఉదయం ఒస్తాప్ అనే శిష్యుడు అడిగాడు: "గురువుగారూ, మన భాషలో దూడను తెల్యా అంటాం, గొర్రెపిల్లను యహ్న్యా అంటాం, మనిషి బిడ్డను దిత్యా అంటాం. అన్నిటికీ చివర ఒకటే ప్రత్యయం, అన్నీ నపుంసకలింగమే. మనిషి బిడ్డకూ పశువు పిల్లకూ తేడా తెలియనంత మోటువాళ్లా మన పూర్వులు?"

వసీల్ కోటు తొడుక్కున్నాడు. "పరాస్కాను చూడడానికి వెళుతున్నాను, రా," అన్నాడు.

పరాస్కా గొర్రెల కాపరి యూర్కో భార్య. మంచు పడడం మొదలైన రోజుల్లో ఆమె చంటిబిడ్డ జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. పొయ్యి పక్కన కూర్చుని మంటకేసి చూస్తూ ఉండేది. వసీల్ అప్పుడప్పుడూ వెళ్లి, ఓదార్పు మాటలేవీ చెప్పకుండా, కాసేపు ఆమె ఎదుట కూర్చుని వచ్చేవాడు. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు.

ఇంతలో యూర్కో తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. అతని ఉన్నికోటులో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల వణుకుతోంది. "తల్లి ఈనుతూనే చచ్చిపోయింది. మిగతా గొర్రెలు దీన్ని దగ్గరికి రానివ్వడం లేదు. పాలు పోస్తే మింగడం లేదు. ఇంక బతకదు," అంటూ దాన్ని పొయ్యి దగ్గర పడుకోబెట్టాడు.

అది సన్నగా అరిచింది. పరాస్కా తల తిప్పలేదు. మళ్లీ అరిచింది, ఈసారి గొంతు సరిగా పెగలలేదు. ఆమె లేచి దాన్ని ఒడిలోకి తీసుకుంది. గోరువెచ్చని పాలలో వేలు ముంచి నోట పెట్టింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ చిన్న దవడ కదిలింది.

"తాగు, దిత్యా," అంది పరాస్కా.

ఆ గొంతు విని యూర్కో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.

తిరుగుదారిలో ఒస్తాప్ గురువు అడుగుజాడల్లోనే మంచులో నడిచాడు. చివరికి, "దిత్యా అన్న మాట ఎలా పుట్టింది గురువుగారూ?" అని నెమ్మదిగా అడిగాడు.

"పాలు తాగడం అనే అర్థమున్న ధాతువు నుంచి. సంస్కృతంలో ధేనువు కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. దిత్యా అంటే కుడిచేది." వసీల్ మంచులో ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఎవరి కడుపున పుట్టిందన్నది ఆ మాటలో లేదు."