గురుదక్షిణగా ఇచ్చిన బ్రేకు

కొండ కింద, అడవి అయిపోయి చేలు మొదలయ్యే చోట ఒక దొడ్డి. ఎద్దులు, మేకలు, కోళ్ళు, గాడిదలు అన్నీ అందులోనే కాపురం. అందరికీ కలిపి ఉన్నది ఒక్క ఆటో. దాన్ని నడిపేవాడు బసవయ్య అనే ముసలి ఎద్దు. ఆయన నడుపుతుంటే కోళ్ళు దారిలో దిగి, నాలుగు గింజలు ఏరుకుని, మళ్ళీ అదే ఆటో ఎక్కేవి. ఇన్నేళ్ళలో ఆయన బండిలోంచి ఒక్క వంకాయ కూడా కింద పడలేదు.

సంత కొండకి అవతల ఉంది. రోడ్డు కొండ మీదికి మెలికలు తిరుగుతూ ఎక్కి, అవతల వైపు నిటారుగా దిగి, దిగీదిగగానే ఎడమకి తిరుగుతుంది. మలుపు దగ్గర కుడివైపంతా బ్రహ్మజెముడు పొదలు. కాళ్ళున్నవాళ్ళకి ఈ చుట్టుతిరుగుడు అక్కర్లేదు. కొండ నడుమ సందులోంచి కాలిబాట తిన్నగా ఆ మలుపు దగ్గరకే పోతుంది.

బసవయ్యకి మోకాళ్ళు పట్టేయడంతో ఆటో తాళం ఓండ్రబాబుకి ఇచ్చాడు. ఓండ్రబాబు ఒక గాడిద కుర్రాడు. మంచివాడే, కానీ కొత్తగా మూతి మీద వెంట్రుకలొచ్చాయి.

"అబ్బాయ్, బండి ఎప్పుడు ఉరికించాలో నీకెవరూ చెప్పక్కర్లేదు. ఎప్పుడు ఆపాలో మాత్రం నన్నడుగు" అన్నాడు బసవయ్య.

"అలాగే పెదనాన్నా" అన్నాడు వాడు తాళం అందుకుంటూ. తాళం చేతికొచ్చాక పెద్దవాళ్ళ మాట చెవికెక్కిన కుర్రాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆటో స్టార్ట్ చేయాలంటే కడ్డీ పట్టుకుని పైకి లాగాలి. ఓండ్రబాబు అటు తిరిగి వెనక్కాలితో ఒక్క తాపు తన్నేవాడు, బండి ఏడుస్తూ లేచేది. హారన్ ఎప్పుడో పోయింది కాబట్టి ఆ పని వాడి గొంతే చేసేది. మామూలు హారన్‌కి జనం తప్పుకునేవారో లేదో గానీ, ఆ ఓండ్ర వింటే మాత్రం పక్క చేలోకి దూకేవారు.

మలుపు దగ్గర జిత్తులయ్య అనే నక్క కాపురం. మొదటివారం ఓండ్రబాబు వాలులో బుద్ధిగా బ్రేకు తొక్కుకుంటూ దిగుతుంటే ఎదురొచ్చాడు.

"ఏం నాయనా, లోపల పురిటి మనిషి ఉందా?"

"లేదండీ. ఉల్లిపాయలు."

"మరి ఈ నడకేంటి? మీ పెదనాన్న వస్తున్నాడేమో అనుకుని దణ్ణం పెట్టబోయాను."

ఓండ్రబాబు చెవులు రెండూ వాలిపోయాయి. "మలుపు కదండీ" అన్నాడు.

"మలుపు ముసలాళ్ళకి. నీ వయసువాడికి అది సంబరం. ఆ పెడలు తొక్కిన ప్రతిసారీ కుర్రతనం ఇంత అరిగిపోతుంది. మీ బసవయ్యని చూడు, ఎంత అరిగిపోయాడో."

ఓండ్రబాబు ఆ రాత్రంతా అరిగిపోవడం గురించే ఆలోచించాడు. మర్నాడు వాలు మొదట్లో కాలు పైకెత్తి కూర్చుని, ఓండ్ర పెడుతూ దిగాడు. ఆటో రెండు చక్రాల మీద మలుపు తిరిగింది. మూడో చక్రం గాల్లో ఉంది. మేకమ్మ గుమ్మడికాయల బుట్ట కూడా గాల్లోనే ఉంది.

"అదీ డ్రైవింగంటే" అని జిత్తులయ్య చప్పట్లు కొట్టాడు. బండి కనుమరుగయ్యాక గుమ్మడికాయలు ఒక్కొక్కటే ఇంట్లోకి దొర్లించుకున్నాడు. ముళ్ళలో పడి సగం చితికిపోయాయని బాధపడి, ఆ సాయంత్రమే బ్రహ్మజెముడు పొదల మీద ఎత్తుగా ఎండుగడ్డి పరిచాడు. ఇక వచ్చిన సరుకు వచ్చినట్టు మెత్తగా దిగింది. వేరుశనగ బస్తా వచ్చింది, బెల్లం బుట్ట వచ్చింది, ఎవరిదో కొత్త గొడుగు కూడా వచ్చింది. జిత్తులయ్య ఎండలో గొడుగేసుకుని, బెల్లం చప్పరిస్తూ శిష్యుడి కోసం ఎదురుచూసేవాడు.

దొడ్డిలో గొడవైంది. బసవయ్య నిలదీశాడు. "సరుకేదిరా?"

"వేగానికి గాలి కొడుతుంది పెదనాన్నా. గాలికి ఎగిరిపోతే నేనేం చేస్తాను?"

"బ్రేకు తొక్కు."

"తొక్కితే అరిగిపోతాను."

బసవయ్యకి ఈ మాట అర్థం కాలేదు. చాలాసేపు నెమరేశాడు. అయినా అర్థం కాలేదు.

ఇంతలో గింజలమ్మ అనే కోడి తన పిల్లల్ని తీసుకుని సంత పక్కనున్న చెల్లెలింటికి వెళ్తానంది. గుడ్డు పగలగొట్టుకుని వచ్చి పట్టుమని పది రోజులు కాని పిల్లలు. అంతా పసుపుపచ్చటి బొచ్చు, కిచకిచ. సంగతి ఓండ్రబాబు నోటి నుంచే జిత్తులయ్యకి చేరింది. చేతిలో బెల్లం జారిపోయింది.

"అయితే రేపు నీ ప్రతాపం చూపిస్తావన్నమాట."

"అదేనండీ గురువుగారూ చిక్కు. బండిలో చంటిపిల్లలుంటే నేను వద్దనుకున్నా నా కాలు బ్రేకు మీదకి పోతోంది."

జిత్తులయ్య గొడుగు మూశాడు. శిష్యుడి భుజం మీద చెయ్యేశాడు. "నాయనా, నన్ను గురువన్నావు. గురుదక్షిణ ఇచ్చావా?"

"ఏం కావాలో అడగండి."

"ఆ బ్రేకు పెడలు ఊడదీసి నాకిచ్చెయ్. నీ భయం నా దగ్గర ఉంచుకుంటాను. నువ్వు హాయిగా ఉండు."

ఓండ్రబాబుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, ఎవరూ తన భయాన్ని అలా అడిగి తీసుకోలేదు. ఆ సాయంత్రమే దొడ్డికెళ్ళి పెడలు ఊడబీకి, మోదుగాకులో పెట్టి కాలిబాటన తెచ్చి, పాదాలకి దణ్ణం పెట్టి ఇచ్చాడు. ఊరుకోక దానికి తాడు కట్టి గురువుగారి మెడలో వేశాడు. జిత్తులయ్య వద్దనబోయి, పక్కనున్న నీటిగుంటలో తన నీడ చూసుకున్నాడు. బాగానే ఉంది. ఉంచుకున్నాడు.

మర్నాడు ఎండ ఎక్కేవేళకి గింజలమ్మ పిల్లల బుట్టతో దొడ్డి గుమ్మంలో నిలబడింది. నిజానికి జిత్తులయ్య ఆ సమయానికి మలుపు దగ్గర ఉండాలి. కానీ పిల్లలు బండెక్కేదాకా మనసాగక, కళ్ళారా చూసిపోదామని దొడ్డికే వచ్చేశాడు.

"జిత్తులయ్యగారూ, మెడలో ఆ బిళ్ళేంటండీ?" అంది గింజలమ్మ.

జిత్తులయ్య నోరు తెరిచేలోపే శిష్యుడు అందుకున్నాడు. "బ్రేకు అత్తా. నేనిచ్చిన గురుదక్షిణ."

బసవయ్య నమలడం ఆపేశాడు.

"దిగరా" అన్నాడు.

"దిగను. బ్రేకు లేకుండా కొండ దిగి చూపిస్తా. అప్పుడు తెలుస్తుంది అందరికీ." వెనక్కి తిరిగి తాపు తన్నాడు. ఇంజను లేచింది.

బండికి అడ్డంగా నిలబడదామా అనుకున్నాడు బసవయ్య. నిలబడితే ఆపడానికి వాడి దగ్గర ఏముంది? చెప్తే వినడు, పట్టుకుంటే ఆగడు. కుర్రవెధవ చచ్చిపోతాడే అనుకున్నాడు ముసలాయన.

గింజలమ్మ ఒక్క క్షణం తల వంకరపెట్టి ఆలోచించింది. మలుపు దగ్గర ఎవరు గొడుగేసుకుని కూర్చుంటారో, ఎవరింట్లో గుమ్మడికాయ కూర వాసనొస్తోందో ఆవిడకి తెలుసు. ఎద్దు చెవి దగ్గరకి వచ్చి గుసగుసలాడింది. "అన్నయ్యా, మలుపు పక్కన ఇంతెత్తు గడ్డి ఉంది. అది రోడ్డు మీదకి రావాలి. నువ్వు కాలిబాటన పో. వీళ్ళని మాటల్లో పెట్టే పని నాది."

బసవయ్య మోకాళ్ళ సంగతి మరిచిపోయి పరుగెత్తాడు.

గింజలమ్మ బుట్ట తీసుకుని గోడ వెనక్కి వెళ్ళింది. పిల్లలకి నీళ్ళు పట్టాలంది. తర్వాత ఎండ తగలకుండా బుట్ట మీద గుడ్డ కప్పాలంది. ఆ గుడ్డ కాదంది, ఇంకోటి తెచ్చింది. దానికి అంచు చిరిగిందంది. ఓండ్రబాబు ఇంజను గుర్రుమనిపిస్తున్నాడు. చివరికి ఆవిడ బుట్టతో వచ్చింది. పిల్లలు గోడ వెనక తవుడు తింటున్నాయి. బుట్టలో ఉన్నవి అప్పటిదాకా ఎండలో ఆరుతున్న పిడకలు.

"నాకు బండెక్కితే కడుపులో తిప్పుతుంది, నేను నడిచొస్తా" అంది. "పిల్లల్ని ఒంటరిగా ఎలా పంపను? జిత్తులయ్యగారు పెద్దమనిషి. ఆయన ఒళ్ళో బుట్ట పెట్టుకుని కూర్చుంటే నాకు దిగులుండదు."

"నేనా?" అన్నాడు జిత్తులయ్య.

"రండి గురువుగారూ, నా పక్కనే" అన్నాడు ఓండ్రబాబు పొంగిపోతూ.

జిత్తులయ్య లెక్క వేసుకున్నాడు. మలుపు దగ్గర ఎలాగూ గడ్డి పరిచే ఉంది. బుట్ట పట్టుకుని అక్కడ దూకేస్తే సరి. పొదల్లో ఏరుకునే బాధ కూడా ఉండదు. బుట్ట కింద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

"నిద్రపోతున్నాయి, గుడ్డ తీయకండేం" అంది గింజలమ్మ.

ఆటో బయల్దేరింది. ఎక్కుడులో ఇద్దరికీ సరదాగానే ఉంది. కొండ కొన దాటగానే గాలి జిత్తులయ్య మీసాలని చెవుల వెనక్కి దువ్వేసింది.

"కాస్త నెమ్మది నాయనా."

"నెమ్మది ముసలాళ్ళకి."

"నిజమే అనుకో. అయినా కాస్త."

"మీరు నన్ను పరీక్ష చేస్తున్నారు. నాకు తెలుసు." ఓండ్రబాబు కళ్ళు మూసుకుని మరీ ఓండ్ర పెట్టాడు.

"కళ్ళు తెరువు."

"తెరిస్తే భయమేస్తోందండీ."

"అయితే బ్రేకు తొక్కరా గాడిదా."

"మీ మెడలో ఉంది గురువుగారూ."

జిత్తులయ్య మెడలోని పెడలు కిందికి లాగి, బండి అడుగున అదిమి, రెండు కాళ్ళతో ఎక్కి తొక్కాడు. పాపం, ప్రాణం పెట్టి తొక్కాడు. అది దేనికీ తగిలించి లేదు. "ఆగు ఆగు" అని పెడలుని బతిమాలాడు. ఇన్నాళ్ళూ పక్కవాడి బండి కదా, వేగం ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడే తెలిసింది.

మలుపు ముంచుకొచ్చింది. జిత్తులయ్య బుట్టని గుండెకి హత్తుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తన గడ్డి ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు కదా. కుడివైపుకి దూకేశాడు.

గడ్డి అక్కడ లేదు. బసవయ్య కొమ్ములతో నెట్టి, తలతో తోసి, మొత్తం రోడ్డుకి అడ్డంగా కుప్ప పోశాడు. అంత గడ్డి మూతికి తగులుతుంటే ఒక్క పరక కూడా నమలకుండా పని చేశాడు. ఎద్దు పుట్టుక పుట్టినవాళ్ళకే తెలుస్తుంది అదెంత కష్టమో.

ఆటో కుప్పలోకి దూసుకుపోయింది. ముందు చక్రం పోయింది, టాపు పోయింది, ఓండ్రబాబు కూడా కాసేపు కనపడలేదు. బసవయ్య గబగబా గడ్డి తవ్వాడు. ముందు ఒక చెవి కనిపించింది, అది సగానికి చీలింది. తర్వాత రెండోది. ఆ తర్వాత చిన్నపిల్లాడిలా ఏడుస్తున్న మొహం.

"పెదనాన్నా, ఆటో పోయింది."

"పోనీరా."

"మోకాళ్ళ నొప్పి కదా, ఇంతదూరం ఎలా పరుగెత్తావు?"

"నీ బ్రేకు పోయిందని తెలిశాక నడవబుద్ధి కాలేదు" అన్నాడు బసవయ్య. వాడి చెవి మీద నెత్తురు నాకి తుడిచాడు. ఓండ్రబాబు తల ఆయన మెడ కింద దూర్చి చాలాసేపు తీయలేదు.

బ్రహ్మజెముడులోంచి మూలుగు వినిపించింది. జిత్తులయ్య పొద నడిమధ్యలో ఉన్నాడు. ఒంటి మీద ముల్లు లేని చోటు ముక్కు ఒక్కటే, ఆ ముక్కు మీద పిడక ఉంది.

గింజలమ్మ పిల్లల్ని వరసగా వెంటబెట్టుకుని కాలిబాటన తాపీగా వచ్చింది. పొద ముందు ఆగింది.

"నిద్ర లేచాయాండీ పిల్లలు?"

"ముళ్ళు తీయించండమ్మా" అన్నాడు జిత్తులయ్య.

"తీయిస్తాం. ముందు ఆ మెడలోది ఇలా పడేయండి, దాంతో మాకు పనుంది."

తర్వాత ఆటో బాగుపడింది. ఓండ్రబాబు చెవి మాత్రం చీలినట్టే ఉండిపోయింది. ఇప్పుడు వాడు వాలు మొదట్లోనే బ్రేకు మీద కాలేసి దిగుతాడు. ఎవరైనా దారిలో నిలబడి "ఇంకాస్త ఉరికించు, ఏమవుతుంది" అంటే, బండి ఆపి, పక్క సీటు దులిపి, "రండి, ఎక్కండి" అంటాడు. ఇంతవరకూ ఒక్కడూ ఎక్కలేదు.

నీతి: వేగంగా పొమ్మని ఎగదోసేవాణ్ణి ముందు మన పక్క సీట్లో కూర్చోమనాలి.