బందు అడుగున ముద్ర

సోమిదేవమ్మగారిని ప్రశ్న అడగాలంటే మాకందరికీ కొంచెం జంకు. ఆవిడ కోప్పడతారని కాదు. అడిగినవాడికి జవాబు చెప్పకుండా ఏదో ఒక పని అప్పజెప్పడం ఆవిడకు అలవాటు. ఆత్మకు చావు లేదంటే ఎలా నమ్మడమని అడిగిన వకీలుగారొకరు కొన్ని వారాలపాటు కందిపప్పులో రాళ్ళు ఏరారు. జవాబు దొరికిందో లేదో ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ, మళ్ళీ ప్రశ్న మాత్రం అడగలేదు.

నిడదవోలు దాటాక కాలవ గట్టున ఉన్న ఆ పెంకుటింటికి ఆశ్రమమని పేరు లేదు, బోర్డూ లేదు. ఆదివారం పొద్దున్న ఆవిడ గీత చెబుతారు, మధ్యాహ్నం అందరికీ భోజనం పెడతారు. గీత కోసం వచ్చేవాళ్ళెవరో, గోంగూర పచ్చడి కోసం వచ్చేవాళ్ళెవరో విడదీసి చెప్పడం కష్టం. నేను రెండింటికీ వెళ్ళేవాణ్ణి.

మాలో భీమశంకరం అని ఒకడు ఉండేవాడు. ఇన్సూరెన్సు సర్వేయరు. ఎక్కడైనా కొట్టు కాలిపోతే నష్టమెంతో చూసి చెప్పే ఉద్యోగం. బూడిద చూడకముందు యజమాని మొహం చూడాలని అతని సిద్ధాంతం. ఉద్యోగంలో ఆ చూపు అతనికి మంచి పేరే తెచ్చింది. చిక్కల్లా, సాయంత్రం ఇంటికి బయలుదేరేటప్పుడు దాన్ని ఆఫీసులో వదిలిపెట్టి రాలేకపోయేవాడు.

అతని భార్య వకుళ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే ఎందుకని అడిగేవాడు. పదో తరగతి పిల్లలకు ప్రత్యేకంగా క్లాసు పెట్టారంటే, మర్నాడు వెళ్ళి స్కూలు గేటుకెదురుగా ఉన్న కిళ్ళీకొట్టు దగ్గర నిలబడేవాడు. క్లాసు నిజంగానే జరిగేది. ఆవిడ ఫోన్లో నవ్వుతూ మాట్లాడితే, స్నానానికి వెళ్ళేదాకా ఆగి ఆ నంబరుకే ఫోన్ చేసేవాడు. అవతల వకుళ పిన్ని పలికేది. ఎన్నిసార్లు చూసినా వకుళ చెప్పిందే నిజం. వేరే ఎవరైనా అయితే సిగ్గుపడి ఊరుకునేవారు. ఇతను మాత్రం, ఇంత జాగ్రత్తగా ఉంటోందంటే ఏదో ఉండే ఉంటుందని అనుకునేవాడు.

ఒకరోజు కిళ్ళీకొట్టు దగ్గర అతణ్ణి ఆవిడ చూసేసింది. ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అంది: “ఇంకొక్కసారి నా వెనకాల వచ్చి చూశారంటే అదే ఆఖరు. ఎక్కడ చూశారో అక్కణ్ణుంచే వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ ఇంటికి రాను.”

వకుళ మాటవరసకు అనే మనిషి కాదు. ఆ సంగతి అందరికంటే భీమశంకరానికే బాగా తెలుసు. అందుకే ఆ ఆదివారం గీత అయిపోయాక, అందరూ విస్తళ్ళ వైపు నడుస్తుంటే తాను మాత్రం అమ్మగారి ముందు కూర్చుని జరిగినదంతా చెప్పుకున్నాడు.

“నిజం తెలుసుకోవడం తప్పాండీ అమ్మగారూ? ఒక్కసారి కళ్ళారా చూసుకుంటే మనసు కుదుటపడుతుంది. చూసుకోవద్దంటే ఎలా నమ్మేది?” అని అడిగాడు.

అమ్మగారు అతని మొహంలోకి చూశారు. “వంటింట్లో కబోర్డులు చేయిస్తున్నాం నాయనా. తలుపులకు బందులూ, సొరుగులకు ఛానెళ్ళూ మంచివి ఎంచి తెచ్చేవాళ్ళు కావాలి. నీకు సరుకు చూడడం బాగా వచ్చు కదా. పని అయ్యేదాకా దగ్గరుండి చూసుకో” అన్నారు. విస్తళ్ళ దాకా వెళ్ళకుండా వెనకబడ్డ మాకు ఆ మాట వినబడింది. కందిపప్పు కంటే నయమేనని వకీలుగారు నా చెవిలో అన్నారు.

సరుకు ఎంచడంలో మాత్రం భీమశంకరాన్ని వేలెత్తి చూపడానికి లేదు. రాజమండ్రి వెళ్ళి, కొట్టువాడికి చెమటలు పట్టించాడు. బందును చేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తలుపు విసురుగా తోసినా చప్పుడు కాకుండా మెల్లగా మూసుకుంటోందా లేదా అని అక్కడున్న నమూనా తలుపును అదేపనిగా మూసి తెరిచాడు. సొరుగు పూర్తిగా బయటికి లాగి, అందులో తూకం రాళ్ళు పెట్టించి, ఛానెల్ వంగుతుందేమోనని కింద కూర్చుని చూశాడు. తడి తగిలే చోటు కనుక తుప్పు పట్టని ఉక్కే కావాలన్నాడు. అన్నీ అయ్యాక కొట్టువాడు రెండు బందులు పక్కపక్కన పెట్టాడు.

“చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి సార్. అసలుదానికి ఈ పలక అడుగున తాళంచెవి ముద్ర ఉంటుంది, ఇదిగో. బిగించాక ఇది కనపడదు. అందుకే కొందరు మేస్త్రీలు అసలువి సంచిలో వేసుకుని నకిలీవి బిగించేస్తుంటారు. మీ మేస్త్రి అలాంటివాడని కాదనుకోండి” అన్నాడు. ఆ ఆఖరి మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో.

మేస్త్రి పేరు సూరిబాబు. ఎక్కువ మాట్లాడడు, పని చేసేటప్పుడు ఏదో కూనిరాగం తీస్తూ ఉంటాడు. ఎవరో ఇచ్చిన బోర్డులతో కబోర్డుల గూళ్ళు చేస్తున్నాడు. రంపపు పొట్టును అదిమి అతికించిన బోర్డు అది. భీమశంకరం బందుల పెట్టె చేతికిచ్చినప్పుడు, “మంచి సరుకు తెచ్చారండి. ఒక్కటేనండి, ఇది పొట్టు బోర్డు. స్క్రూ ఒకసారి దిగిందంటే మళ్ళీ కదపకూడదండి” అన్నాడు.

మామూలు మనిషికి అది జాగ్రత్త చెప్పినట్టు వినిపిస్తుంది. భీమశంకరానికి అలా వినిపించలేదు. కదపకూడదంటాడేమిటి? కదిపితే ఏం బయటపడుతుందో! ఆ క్షణం నుంచి అతనికి మేస్త్రి చేసేదంతా తేడాగానే కనిపించింది. సూరిబాబు కూనిరాగం తీస్తే ఎందుకింత హుషారని అనుకున్నాడు. తీయకపోతే ఏదో దాస్తున్నాడని అనుకున్నాడు. సాయంత్రం పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళుతుంటే, పొద్దున్న వచ్చినప్పటి కంటే బరువుగా ఉన్నట్టు తోచింది. ఒకరోజు ఆ సంచి కాలికి తగిలినట్టు నటించి కదిపి చూశాడు కూడా. లోపల ఇనుము గలగలలాడింది. వడ్రంగి సంచిలో ఇనుము గాక జంతికలుంటాయా?

మర్నాడు సూరిబాబు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళగానే, భీమశంకరం స్క్రూడ్రైవర్ తీసుకుని బిగించిన బందు ఒకటి విప్పాడు. తిరగేసి చూశాడు. తాళంచెవి ముద్ర ఉంది. ప్రాణం లేచి వచ్చింది. మళ్ళీ ఎలా ఉన్నది అలా బిగించేశాడు.

అయితే ఆ నిశ్చింత సాయంత్రం దాకా నిలవలేదు. ఒకటి అసలుదైతే అన్నీ అసలువేనా? చూసేవాళ్ళకోసం ఎదుట ఒకటి మంచిది వేసి ఉండొచ్చు కదా? మరో మధ్యాహ్నం మిగతావి విప్పాడు. అన్నింటికీ ముద్ర ఉంది. ఆ వారం ఆఖరున ఇంకో ఆలోచన వచ్చింది. తాను విప్పి చూస్తున్న సంగతి మేస్త్రి కనిపెట్టి, అసలువి కొన్నాళ్ళు ఉంచి, ఆ తరవాత మార్చేస్తాడేమో! మళ్ళీ మొదటినుంచీ విప్పడం మొదలుపెట్టాడు. చూసినకొద్దీ చూడవలసింది పెరుగుతూనే పోయింది. ఇదంతా వంటావిడ మంగాయమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. మంగాయమ్మ చూసిందంటే అమ్మగారికి తెలిసినట్టే. అమ్మగారు మాత్రం పెదవి విప్పలేదు.

పని పూర్తయింది. వంటిల్లు చూడముచ్చటగా తయారైంది. తలుపులు ఏమాత్రం చప్పుడు చేయకుండా మూసుకుంటుంటే, ఆడవాళ్ళు సరదాకి మళ్ళీ మళ్ళీ తెరిచి మూశారు. ఆ శనివారమే వకుళ తణుకు వెళ్ళింది. వాళ్ళ అక్కకు ఆపరేషన్ అయింది, సోమవారం సాయంత్రం వస్తానని చెప్పింది. వెళుతూ మొగుడి వైపు ఒక్క చూపు చూసిందిట, అంతే. ఆదివారం భీమశంకరం గీతకు వచ్చాడు గానీ, మనసంతా మధ్యాహ్నం తణుకు వెళ్ళే పాసింజరు మీదే ఉంది. శ్లోకం జరుగుతుంటే నాలుగైదు సార్లు చేతి వాచీ చూసుకున్నాడు.

భోజనాల వేళ మంగాయమ్మ నెయ్యి గిన్నె కోసం పై కబోర్డు తలుపు తెరిచింది. తలుపు తెరుచుకోవడమేమిటి, ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆవిడ కెవ్వుమని పక్కకు తప్పుకునేసరికి, ఆవిడ భుజాన్ని గీరుకుంటూ తలుపు కిందపడింది. అందరం పరుగెత్తాం. అందరికంటే ముందు భీమశంకరం పరుగెత్తాడు.

సూరిబాబు కూడా ఆ రోజు పంక్తిలోనే ఉన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి భీమశంకరం నిప్పులు కక్కుతున్నాడు. “నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను! ఇంత మంచి సరుకు తెచ్చి ఇస్తే ఇదా నీ పని? ఆవిడ నెత్తిన పడి ఉంటే ఏమయ్యేది? ఈ ఊళ్ళో ఇక నీకు ఒక్క పని కూడా రాకుండా చేస్తాను!”

సూరిబాబు మొహం నల్లబడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది అతనితో ఏదో ఒక పని చేయించుకున్నవాళ్ళే. తలుపు ఎత్తి గోడకు చేరవేసి, “సరుకు గానీ మార్చేశానేమోనని మీ అనుమానమా బాబూ? ఆ బందు తిరగేసి చూడండి. అడుగున ముద్ర ఉంటుంది” అన్నాడు.

“ముద్ర సంగతి నాకు చెప్పక్కర్లేదు! అన్నింటికీ ముద్ర ఉందని నాకు తెలుసు!” అన్నాడు భీమశంకరం.

అమ్మగారు జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చారు. “బిగించి ఉన్న బందు అడుగున ఏముందో నీకెలా తెలిసింది నాయనా?” అని చాలా మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగారు.

భీమశంకరం చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ ఇంకేమీ అడగలేదు. గూటి పక్క చెక్కకు ఉన్న బెజ్జంలో వేలు పెట్టి తీశారు. వేలితోపాటు పసుప్పచ్చని పొట్టు రాలింది. కింద పడి ఉన్న స్క్రూ ఒకటి ఏరి, స్క్రూడ్రైవర్‌తో సహా అతని చేతిలో పెట్టి, “బిగించు” అన్నారు.

అతను తిప్పాడు. స్క్రూ గిర్రున తిరిగింది. ఇంకా తిప్పాడు. తిరుగుతూనే ఉంది, ఎక్కడా పట్టలేదు. స్క్రూ మెరుస్తోంది, మర ఒక్కచోట కూడా అరగలేదు, తుప్పు మచ్చ లేదు. రాజమండ్రిలో ఏ రోజు కొన్నాడో ఆ రోజులాగే ఉంది. “ఇంకొంచెం తిప్పు” అన్నారు అమ్మగారు. మేమంతా చూస్తుండగా అతను తిప్పుతూనే ఉన్నాడు. చివరికి వేళ్ళు జారి స్క్రూ నేల మీద పడింది. నాకు అతని మీద జాలి వేసింది, అంతకంటే ఎక్కువగా సూరిబాబు మొహం చూస్తే బాధ వేసింది.

“నన్ను అడిగుంటే మీ ఎదరే విప్పి చూపించేవాణ్ణి కదండీ. ఒక్క మాట అడగలేకపోయారా?” అన్నాడు సూరిబాబు. తరవాత అమ్మగారి వైపు తిరిగి, “ఈ బెజ్జాల్లో ఇంకేదీ ఆగదండి. కాస్త కిందకి దించి కొత్తవి వేసి పెడతాను. ఈ బాబుగారు ఇక్కడ ఉండగా మాత్రం వేయనండి” అన్నాడు. మంగాయమ్మ భుజానికి పసుపు రాయించి, వడ్డించిన విస్తరి ముందు మళ్ళీ కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. అమ్మగారు అతన్ని ఆపలేదు.

జనం పలచబడ్డాక భీమశంకరం అరుగు మీద అమ్మగారి పక్కన వచ్చి కూర్చున్నాడు. తల వంచుకుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. పశ్చాత్తాపపడ్డాడని, లేచి వెళ్ళి సూరిబాబు కాళ్ళు పట్టుకున్నాడని చెప్పగలిగితే నాకూ సంతోషంగానే ఉండేది. కాలవ అవతల పాసింజరు కూత వినబడగానే అతను ఉలిక్కిపడి లేచాడు.

“తప్పే చేశానమ్మగారూ, ఒప్పుకుంటున్నాను. కానీ ఇది వేరే కదండీ. ఒక్కసారి తణుకు వెళ్ళి, వీధి చివరనుంచి చూసి వచ్చేస్తాను. ఆవిడకు తెలియనివ్వను. ఆవిడ అక్కడ ఉంటే చాలు, ఇక జన్మలో అడగను” అన్నాడు.

అమ్మగారు చీరకు అంటిన పొట్టు దులుపుకున్నారు.

“ఆవిడ అక్కడే ఉంటుంది నాయనా. వచ్చేటప్పుడు మాత్రం నువ్వొక్కడివే వస్తావు.”