ఉన్నామమ్మ గట్టు

పూర్వం, ఈ గట్టుకు ఇంకా పేరే లేని రోజుల్లో, దీని దిగువన ఉన్న పైడికోటను వీరకంఠ భూపాలుడనే రాజు పరిపాలిస్తూ ఉండేవాడు. ఆయన మహాభక్తుడు, దానశీలుడు. అయితే ఏ పని తలపెట్టినా ఇరుగుపొరుగు రాజుల కంటే ఒక అంతస్తు ఎక్కువ ఉండాలనే పట్టుదల మాత్రం ఆయనను వదలలేదు. అందుచేత తన ఇలవేల్పు అయిన వేణుగోపాలస్వామికి ఏడంతస్తుల తేరు చేయిస్తానని మొక్కుకున్నాడు. స్వామి అడిగాడా అంటే, అడగలేదు.

తేరుకు నల్లమద్ది కలప శ్రేష్ఠమని పెద్దలు చెప్పగా, గట్టు మీది మద్దిచెట్ల వైపు రాజు దృష్టి మళ్ళింది. మొదటి ఏడు చేసిన ఇరుసు బరువుకు విరిగింది, రెండో ఏడు చక్రాలు బీటలువారాయి, విరిగినప్పుడల్లా మరికొన్ని మాన్లు నేలకూలాయి. ఆ విధంగా గట్టు సగం దాకా బోడి అయింది. వైశాఖం దాకా పారే సెలయేరు మాఘానికే ఇంకిపోయింది; మేఘాలు గట్టు దాకా వచ్చి, పలకరించేవారు లేని ఇంటి ముందు నుంచి వెళ్ళినట్టు దాటిపోసాగాయి. శిఖరాన నూటొక్క మద్దిమాన్లు మాత్రం మిగిలాయి.

ఆ శిఖరం కింద ముప్పై ఇళ్ళ గూడెంలో, అడ్డాకులు కోసి విస్తళ్ళు కుట్టుకునే ఈరమ్మ అనే పుణ్యాత్మురాలు ఉండేది. నల్లమద్ది తన బోదెలో నీటిని దాచుకుంటుంది. వేసవిలో గూడెంవారు మాను మీద ఉబ్బెత్తుగా ఉన్నచోట చెవి ఆనించి విని, చిన్న గంటు పెట్టి, కావలసినంత పట్టుకుని, వెంటనే కర్రమేకు బిగించి మట్టి మెత్తేవారు; ఒకసారి నీళ్ళిచ్చిన మానును మూడేళ్ళ దాకా ముట్టేవారు కారు. ఏ మాను ఏ ఏడు ఇచ్చిందో ఈరమ్మ చూడకుండా చెప్పగలిగేది. సెలయేరు ఎండిన తరువాత గూడెం ప్రాణాలన్నీ ఆ నూటొక్క మాన్లలోనే ఉన్నాయి.

మూడో ఏడు వైశాఖంలో, ఆస్థాన వడ్రంగి పాపోజు ఒకనాటి సాయంకాలం శిఖరానికి వచ్చాడు. చెట్టు కొట్టేముందు ఆయన కులంవారు పాటించే నియమం ఒకటి ఉండేది: ముందునాడే మానుకు పసుపు కుంకుమలు పెట్టి, అందులో నివసించేవారిని తప్పుకోమని అడగాలి, లోపలి నుంచి జవాబు వస్తే ఆ మానును తాకరాదు. నలభై ఏళ్ళుగా అడుగుతున్న పాపోజుకు జవాబు వచ్చిందెన్నడూ లేదు. ఆయన చేతులు జోడించి, "ఈ మానులో ఎవరైనా ఉన్నారా? ఉంటే తప్పుకోండి. రేపు గొడ్డలి పడుతుంది" అన్నాడు.

"ఉన్నామయ్యా" అన్న మాట వినిపించింది.

పాపోజు మాను చుట్టూ తిరిగి చూశాడు. మాను వెనుక, బోదెకు అరచెయ్యి ఆనించి ఈరమ్మ నిలబడి ఉంది.

"నేను అడిగింది మానులో ఉన్నవాళ్ళను, తల్లీ."

"మేం తాగేది దీని నీళ్ళే గదయ్యా. మా ఒంట్లో ఉండేదీ ఆ నీళ్ళే. మరి మేం ఇందులో లేమంటావా?"

అంతలో పక్క మాను దగ్గర గూడెం ముసలమ్మ ఒకతె "ఉన్నాం" అంది. ఆ పక్కన మరొకరు, ఆపైన ఇంకొకరు. మాను వెంట మానుగా ఆ మాట శిఖరమంతా తిరిగి మళ్ళీ పాపోజు చెవిని పడేసరికి, ఆయన గొడ్డలి నేలమీద పెట్టి సాష్టాంగపడ్డాడు.

సంగతి విన్న రాజు మండిపడ్డాడు. "పలికింది మాను కాదు, ఆచారీ! ఆడమనిషి!"

"అడిగాను, జవాబు వచ్చింది ప్రభూ. ఎవరి నోట వచ్చిందో ఎంచే అధికారం నాకు లేదు" అన్నాడు పాపోజు.

మొదటి దెబ్బ తానే వేస్తానని, పాపోజును వెంటబెట్టుకుని, రెండువందల మందితో, ఆరు ఏనుగులతో రాజు మిట్టమధ్యాహ్నం గట్టెక్కాడు. తాను కొట్టించిన మేర పొడుగునా గజం నీడ లేదు. తిత్తులలో నీళ్ళు సగం దారిలోనే అయిపోయాయి. సెలయేటి ఇసుక తవ్వితే ఇంకా వేడి ఇసుకే వచ్చింది. శిఖరం చేరేసరికి నాలుక అంగిటికి అంటుకుపోయినా, రాజు గొడ్డలి ఎత్తాడు. బోదెకు ఆనించిన చెయ్యి ఈరమ్మ తీయలేదు.

"కొట్టు, దొరా. కొట్టినాక ఒక్క దోసెడు తాగి, ఇందులో ఎవరున్నారో అప్పుడు చెప్పు" అంది.

గొడ్డలి పడింది. గంటులోంచి చల్లని నీరు చిమ్మి రాజు ముఖాన కొట్టింది. ఆయన గొడ్డలి వదిలి, సామాన్యుడిలా దోసిలి పట్టి తాగాడు. పరివారం తాగింది, ఏనుగులు తాగాయి, అయినా ధార ఆగలేదు. కడివెడు నీళ్ళిచ్చే మాను కాలువలా పారుతుంటే అందరూ జయజయధ్వానాలు చేశారు. ఈరమ్మ ఒక్కతే ఏడ్చింది.

"సంబరపడకండయ్యా! ఇవి ఒక్క మాను నీళ్ళు కావు. అన్నీ ఇచ్చేస్తున్నాయి. పైకి చూడండి!"

చూస్తే నూటొక్క మాన్ల ఆకులూ వాడి వేలాడుతున్నాయి. మేకు బిగిస్తే నీటి విసురుకు ఎగిరిపడింది, మట్టి కొట్టుకుపోయింది. అప్పుడామె ఆ గాయం మీద తన అరచెయ్యి అదిమింది. ధార ఆగింది, చెయ్యి కదిలితే మళ్ళీ చిమ్మింది.

"ఎంతసేపు ఇలా, తల్లీ?" అన్నాడు రాజు.

"వాన పడేదాకా."

రాజుకు కన్నీళ్ళు ఆగలేదు. తలపాగా తీసి మాను మొదట్లో పెట్టి, "ఆచారీ, మరొక్కసారి అడుగు" అన్నాడు. పాపోజు చేతులు జోడించి అడిగాడు. రాజు మానుపై చెయ్యి వేసి, "ఉన్నాను" అన్నాడు. ఆయన వెనుక రెండువందల గొంతులు "ఉన్నాం" అన్నాయి.

ఆరు రోజులు ఎవరూ గట్టు దిగలేదు. ఏడవనాడు, దాటిపోతున్న మేఘం శిఖరాన ఆగి, కుంభవృష్టి కురిపించింది. వాన వెలిసి చూసేసరికి ఈరమ్మ అక్కడ లేదు. ఆమె నిలిచినచోట మాను బెరడులో అరచేతి గుంట, అందులో ఐదువేళ్ళ గుర్తులు ఉన్నాయి. నాటి నుంచి ఆ తల్లి ఉన్నామమ్మగా పూజలందుకుంటోంది. గట్టుకూ ఆ పేరే నిలిచింది.

ఏడంతస్తుల తేరు కట్టనేలేదు. దానికోసం పేనిన మోకు మాత్రం మిగిలిపోయింది. నేటికీ వైశాఖ పౌర్ణమినాడు భక్తులు తేరు లేని మోకును లాగుతూ గట్టెక్కి, దాన్ని మాన్ల చుట్టూ చుడతారు. పాపోజు వంశంవారు ముందు నిలిచి ఆ ప్రశ్న అడుగుతారు. కింద ఎనిమిది ఊళ్ళు జవాబు చెబుతాయి.

మొన్నీమధ్య, గట్టు తవ్వి రాయి తీయడానికి అనుమతి తెచ్చుకున్నవారు కొందరు రంగు డబ్బాలతో వచ్చి, మాన్లకు ఎర్రని అంకెలు వేయడం మొదలుపెట్టారు. గూడెం ఆడవాళ్ళు వారిని తిట్టలేదు, కొట్టలేదు. "అడిగి రాయండి నాయనా, అది ఇక్కడి పద్ధతి" అని మాత్రం అన్నారు. కుంచె పట్టుకున్న పిల్లవాడు నవ్వుతూనే అడిగాడట. అరచేతి గుర్తున్న మాను పద్దెనిమిదోది. వెళ్ళినవారు ఇప్పటికీ చూడవచ్చు, అంకెలు పదిహేడు దాకానే ఉన్నాయి.