తవిటమ్మ బదులు

కొండలకి ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, ఆ కొండల కింద ఓ ఊరుండేది. ఆ ఊళ్లో తవిటమ్మ అని ఓ ముసలమ్మ ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఊరివాళ్ల వడ్లు దంచేది, వాళ్లిచ్చిన నూకలతో గంజి కాచుకునేది. ఆమె పేరు కూడా చాలామందికి తెలీదు. దంపుళ్ల ముసల్ది అనేవారు, అంతే.

ఓ ఎండాకాలం ఊరి మీద మరిడి పడింది. పొద్దున్న వాంతి చేసుకున్న మనిషి పొద్దుగూకేసరికి పాడెక్కేవాడు. ఊరిపెద్ద అప్పలనాయుడు చాటింపు వేయించాడు.

"రోగమొచ్చిన ఇంటి గుమ్మానికి ముళ్లకంప అడ్డం వెయ్యండి. లోపలివాళ్లు బయటికి రాకూడదు. బయటివాళ్లు లోపలికి పోకూడదు!"

సాలెవాళ్లింటికి కంప వేశారు. కుమ్మరింటికి వేశారు. ఆఖరికి నాయుడి సొంత చెల్లెలు ఎర్రయ్యమ్మ ఇంటికీ వేశారు.

తవిటమ్మ ఉప్పేసి గంజి కాచింది. ముంతలో పోసుకుని బయల్దేరింది. కంప పక్కకి లాగి, గడప ముందు నిలబడి పిలిచేది.

"ఉన్నావా, నాయనా?"

"ఉన్నాను, మామ్మా."

బదులొస్తే లోపలికెళ్లి తాగించేది. రాకపోతే గడప మీద కాసేపు కూచుని, లేచి పోయేది.

"చావాలనుందా నీకు?" అని నాయుడు కసిరాడు.

"చావు సంగతి నాకు తెలీదు బాబూ. లోపలున్నోళ్లకి దాహమేస్తాదని తెలుసు," అంది.

సాలెవాళ్లింట్లో మొదటి రోజు మూడు గొంతులు పలికాయి. రెండో రోజు రెండు. మూడో రోజు ఒకటి. నాలుగో రోజు ముంత నిండుగానే తిరిగొచ్చింది. కుమ్మరి బతికాడు. ఎర్రయ్యమ్మ బతికింది గానీ మంచం దిగలేకపోయింది.

అప్పుడు తవిటమ్మకి తగులుకుంది. ఆమె గుడిసెకీ కంప వేశారు.

మొదటి రోజు దారిన పోయేవాళ్లకి గుడిసెలోంచి వినబడింది. "ఉన్నాను!"

ఎవరూ పిలవలేదు. అందరూ తల దించుకుని అడుగులు జోరు చేశారు.

రెండో రోజూ వినబడింది. "ఉన్నాను నాయనా, ఉన్నాను."

ఆ గుడిసె ఎదురింట్లో మంచం మీదున్న ఎర్రయ్యమ్మ ఆ మాట విని అన్నని కబురుపెట్టి పిలిపించింది.

"అన్నా, తవిటమ్మ పలుకుతోంది. వెళ్లు."

"ఎవరూ పిలవందే ఎందుకు పలుకుతోంది?"

"ఎవరూ పిలవలేదనే."

నాయుడు నీళ్లముంత పట్టుకుని కంప దాకా వెళ్లాడు. అక్కడే కాసేపు నిలబడి వెనక్కొచ్చేశాడు.

మూడో రోజు ఏ చప్పుడూ లేదు. నాయుడు పరుగున వెళ్లి ఉత్త చేతుల్తో కంప లాగేశాడు. చేతులు చీరుకుపోయి రక్తం కారింది.

"ఉన్నావా, అమ్మా?" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి ఏడుస్తూ అన్నాడు.

లోపలినుంచి బదులు లేదు. ఆమె తల గుమ్మం వైపు తిరిగి ఉంది.

ఇప్పటికీ ఆ కొండల కింద, నోరు తెరిచి అడగలేక ఎవరైనా అవస్థ పడుతుంటే, "వాళ్లింట్లో తవిటమ్మ బదులు వినబడుతోంది" అంటారు. దూరం నుంచి వచ్చిన కొత్తకోడళ్లకి ఆ మాట అర్థం కాదు. ఏ తవిటమ్మ, ఎవరికి బదులు అని అడుగుతారు.

"ముందు ముంత నింపుకు రావే," అంటారు అత్తలు. "తోవలో చెబుతాను."