జెండా కర్ర

పరదేశి మాస్టారిని ఎవరు ఏ సంగతి అడిగినా జవాబు వెంటనే రాదు. ముందు చేతికో పని వస్తుంది. కొడుకుని ఏ కోర్సులో చేర్పించమంటారని అడగవచ్చిన తండ్రి చేత ఆయన చిరిగిన గోల్‌పోస్టు వల కుట్టించారు. అన్నదమ్ములతో తగువు పడి సలహాకి వచ్చినవాడి చేత గ్రౌండులో పల్లేరుకాయలు ఏరించారు. సగంమంది పని అయ్యేసరికి అడగవలసింది మర్చిపోయి, నడుం పట్టుకుని ఇంటికి పోయేవారు. మిగిలినవాళ్ళకి మాస్టారు ఒక్క మాట చెప్పేవారు. ఆ మాట కోసమే జనం మళ్ళీ మళ్ళీ వచ్చేవారు, పని తప్పదని తెలిసి కూడా.

ఆయన ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గాని, రైల్వే కాలనీ వెనకున్న ఫుట్‌బాల్ గ్రౌండు ఆయన్ని వదల్లేదు. తెల్లారేసరికి అక్కడుంటారు. ఊళ్ళో ఏ టీము మ్యాచి ఆడినా ముందురోజు ఆ గ్రౌండుకి సున్నం గీతలు గీసేది ఆయనే. ఒక శనివారం పొద్దున్న ఆయన సున్నం జల్లిస్తూ ఉండగా గవర్రాజు వచ్చాడు. గవర్రాజు ఒకప్పుడు మాస్టారి టీముకి కెప్టెన్. ఇప్పుడు ఊళ్ళో డిగ్రీ కాలేజీ టీముకి హెడ్ కోచ్. వస్తూనే కాళ్ళకి దణ్ణం పెట్టాడు, పెట్టి లేస్తూనే అడిగేశాడు.

“మాస్టారూ, నా కిందున్న ఇద్దరు అసిస్టెంట్ కోచ్‌ల్నీ మార్చెయ్యమంటారా, వద్దంటారా?”

సంగతేమిటంటే, ఆ ఏడాది కాలేజీ టీము ఏడు మ్యాచులాడి ఆరు ఓడింది. ఏడోది వానవల్ల ఆగింది గనక సరిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే, మర్నాడు ఇదే గ్రౌండులో. ప్రిన్సిపాల్ గారు గవర్రాజుని పిలిచి, తప్పు ఎవరిదో ఆయన తేల్చలేరు గనక ఆ పని గవర్రాజుకే అప్పజెప్పారు. అసిస్టెంట్లని ఉంచాలా, తీసెయ్యాలా, సాయంత్రంలోగా రాసి సంతకం పెట్టి ఇమ్మన్నారు. ఆ ఇద్దరిలో గోల్‌కీపర్లకి శిక్షణ ఇచ్చే అప్పల్నాయుడు ఇంకో నాలుగు నెలల్లో ఎలాగూ మానేసే మనిషి. రెండోవాడు డేనియల్. డేనియల్‌ది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ కాగితం మీద సంతకం పడితే సోమవారం నుంచి అతను కాలేజీ గేటు దాటి రానక్కర్లేదు. కాగితం రాసి ఉంది. గవర్రాజు చొక్కా జేబులోనే ఉంది. సంతకం ఒక్కటే తరువాయి. మాస్టారు ఒక్కసారి ‘ఊఁ’ అంటే ఆ కాస్తా అయిపోతుందని వచ్చాడు.

నిజం చెప్పుకోవాలంటే గవర్రాజుని ఆరు ఓటములూ అంతగా బాధ పెట్టలేదు. అతని కడుపులో రగులుతున్నది చెంబెడు నీళ్ళ సంగతి.

ఆ ఊరి టీముల్లో ఒక ఆనవాయితీ ఉంది. సగం ఆట అయ్యాక కెప్టెన్ నీళ్ళ చెంబు పట్టుకొచ్చి ముందు కోచ్ చేతికివ్వాలి. ఆయన ఒక గుక్క తాగాకే కుర్రాళ్ళు తాగాలి. మాస్టారి రోజుల్లో ఆ చెంబు అందించినవాడు గవర్రాజే. ఎప్పటికైనా తనకీ ఒకడు అలా అందిస్తాడని పదిహేనేళ్ళు ఎదురుచూసి మరీ హెడ్ కోచ్ అయ్యాడు. మొన్నటి మ్యాచిలో కెప్టెన్ నూకరాజు చెంబు పట్టుకొచ్చాడు. గవర్రాజు చెయ్యి కూడా చాచాడు. నూకరాజు ఆ చేతి పక్కనుంచే వెళ్ళి చెంబు డేనియల్‌కిచ్చాడు. డేనియల్ కనీసం తాగనైనా తాగలేదు. ఆ నీళ్ళు ఎవడిదో దోక్కుపోయిన మోకాలి మీద పోసి కడిగాడు! గవర్రాజు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, అది ఎందుకు చాచాడో లోకానికి తెలియకుండా జుట్టు సవరించుకున్నాడు. ఆ దాహం ఇవాళ్టికీ తీరలేదు.

అప్పట్నుంచీ డేనియల్ నవ్వితే తప్పు, నవ్వకపోతే పొగరు. కుర్రాళ్ళు అతన్ని ‘అన్నా’ అంటారు, తనని ‘సార్’ అంటారు. ‘సార్’ అనడం మర్యాదేనని తెలుసు. అయినా ఆ ‘అన్నా’ వినబడినప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. కళ్ళలో నిప్పులు పోసుకోవడమంటే ఇదేనని అతనికే అనిపించిన రోజులున్నాయి. అనిపించి ఏం లాభం, నిప్పులు తీసి పారెయ్యడం చేతకాలేదు.

ఇవేవీ మాస్టారికి చెప్పలేదు. డేనియల్ ఆలస్యంగా వస్తాడని, చెప్పిన మాట వినడని, కుర్రాళ్ళని అతిచనువిచ్చి పాడుచేస్తున్నాడని చెప్పాడు. వాటిలో ఒకటో రెండో నిజాలు కూడా ఉన్నాయి. మాస్టారు సున్నం జల్లిస్తూనే విన్నారు.

“మొన్న మూడు గోల్స్ ఎలాగ పడ్డాయిరా?” అని అడిగారు.

“ఏం చెప్పమంటారు మాస్టారూ! రెండోది పడగానే నూకరాజు తలెత్తి ఎవడివైపు చూశాడనుకున్నారు? నా వైపు కాదు. డేనియల్ వైపు. మూడోది పడ్డప్పుడు నలుగురు చూశారు. నేను లెక్కపెట్టాను.”

“ఎవరు ఎటు చూసేరని కాదురా. గోలు ఎలాగ పడిందని అడిగేను.”

గవర్రాజు ఆలోచించాడు. బంతి కుడిపక్కనుంచి వచ్చిందా, ఎడమపక్కనుంచా? కార్నర్ కిక్కా, కాదా? నూకరాజు మెడ ఎంత తిరిగిందో ఇప్పుడడిగినా చెప్పగలడు గాని, బంతి మాత్రం ఎంత తడుముకున్నా జ్ఞాపకం రాలేదు.

“డిఫెన్సు బాగాలేదండి” అన్నాడు చివరికి. డిఫెన్సు డేనియల్ చూసే పని.

“సరేలే” అన్నారు మాస్టారు. జల్లెడ పక్కనపెట్టి, అడుగున చిల్లులున్న సున్నం డబ్బా అతని చేతికిచ్చారు. “నాకు మోకాలు పట్టేసింది. రేపు మీదే కదా మ్యాచి. ఆ పక్క టచ్‌లైన్ గీసీ. గీసొచ్చేక మాటాడుకుందాం.”

తప్పదని తెలుసు గనక గవర్రాజు ప్యాంటు మడత పెట్టాడు. ఈలోగా డేనియల్ గేటులోంచి లోపలికొచ్చాడు, భుజాన బంతుల సంచీతో. ప్రాక్టీసుకి ఇంకా అరగంట టైముంది. ఆలస్యంగా వస్తాడని కాగితం మీద తను రాసిన మనిషి ఇవాళే ఇంత తొందరగా ఎందుకు రావాలి? మాస్టారి ముందు మంచి అనిపించుకోవడానికే! గవర్రాజు పళ్ళు కొరుక్కున్నాడు. మాస్టారు డేనియల్ని పిలిచి, జెండా కర్ర ఒకటి చేతికిచ్చి, అవతలి మూలకి వెళ్ళి నిలబెట్టమన్నారు. “అలాగే మాస్టారూ” అని అతను పరిగెత్తాడు.

మాస్టారి దగ్గర గీత గీయడానికి తాడు వాడరు. తాడు చేతకానివాడికి అంటారాయన. అవతలి మూల ఒక కర్ర నిలబెడతారు. గీసేవాడు డబ్బా ఊపుకుంటూ, చూపు ఆ కర్ర మీంచి తియ్యకుండా నడిచిపోవాలి. కిందకి చూడకూడదు, పక్కకి చూడకూడదు. చూపు ఎటుంటే కాలు అటే పోతుందని ఆ గ్రౌండులో పెరిగిన ప్రతివాడికీ నేర్పారు. గవర్రాజు పదహారో ఏటే నేర్చుకున్నాడు. అప్పట్లో అతను గీసిన గీత చూసి, దీని మీద చీమలు బారులు తీరొచ్చురా అని మాస్టారు మెచ్చుకున్నారు.

మొదటి అరవై అడుగులూ బాగానే నడిచింది. చేతిలో డబ్బా పాత లయ అందుకుంది. అప్పుడు కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు, నూకరాజు, ఇంకొకడు. డేనియల్ కర్ర వదిలేసి గ్రౌండు లోపలికి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. బంతి ఒకటి కింద పడేసి, ఆనుకునే కాలు ఎక్కడుంచాలో చూపిస్తున్నాడు. నూకరాజు ఏదో అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

ఎందుకు నవ్వారు? హెడ్ కోచ్ చేత సున్నం పోయిస్తున్నారనా? ఈ ముసలాయన నన్ను పనిలో పెట్టి వాణ్ణి మాస్టర్ని చేశాడనా? నూకరాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు! నా భుజం మీద ఎవడైనా ఎప్పుడైనా వేశాడా? వేస్తే ఊరుకునేవాణ్ణా? అది వేరే సంగతి. గవర్రాజు కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి, డబ్బా ఊగుతూనే ఉంది, కడుపు మండుతూనే ఉంది.

“సార్!” అని డేనియల్ కేకేశాడు. “కర్రని చూడండి సార్! గీత లోపలికొచ్చేస్తోంది!”

కుర్రాళ్ళ ముందు నాకు పాఠం చెబుతాడా, అనుకున్నాడు గవర్రాజు. వినిపించనట్టే డబ్బా ఇంకాస్త గట్టిగా ఊపుతూ, ఆ మిగతా దూరమంతా మొండిగా నడిచి మూలకి చేరాడు. చేరాక వెనక్కి తిరిగి చూశాడు. సగం గ్రౌండు దాకా గీత బాణంలా ఉంది. అక్కణ్ణుంచి కొడవలిలా వంగి, డేనియల్ నిలబడ్డ చోటు వైపు మూడు గజాలు లోపలికి వెళ్ళి, మళ్ళీ సిగ్గుపడ్డట్టు మూలకి తిరిగొచ్చింది. కుర్రాళ్ళు అది చూసి తలలు దించుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది గవర్రాజుకి.

మాస్టారు చీపురు ఊతంగా పట్టుకుని, కుంటుకుంటూ గీత వెంబడే వచ్చారు. వంపు దగ్గర కాసేపు నిలబడి చూసి, మళ్ళీ నడిచారు.

“ఏట్రా ఇది?”

గవర్రాజు సిద్ధంగానే ఉన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడికి మద్దెల ఎదురుగానే ఉంది.

“నేనేం చెయ్యను మాస్టారూ! కర్ర పట్టుకోమని మీరు వాడికి చెప్పారు. వాడు దాన్ని గాలికొదిలేసి కబుర్లకి పోయాడు. మనిషి వదిలేస్తే కర్ర వాలదా? అది వాలితే గీత వాలదా? నేను చెప్పింది ఇదేనండి. ఏ పని అప్పజెప్పినా ఇంతే. మీరే కళ్ళారా చూశారు.”

చెబుతూ చెబుతూ అతనికి లోపల సంతోషం కూడా కలిగింది. సాక్ష్యం దానంతట అదే దొరికింది. జేబులో కాగితం మీద చెయ్యి వేసుకున్నాడు.

“వాలిందేటి?” అన్నారు మాస్టారు. “అయితే ఓసారి కదిపి చూడు.”

గవర్రాజు కర్ర పట్టుకుని ఊపాడు. కదల్లేదు. రెండు చేతులా పట్టుకుని ఊపాడు. అతనే ఊగాడు గాని కర్ర ఊగలేదు. కిందకి వంగి చూశాడు. కర్ర మొదలు నేలలో దిగిన ఇనప గొట్టంలో బిగుసుకుని ఉంది. గొట్టం చుట్టూ నల్లబడిపోయిన సిమెంటు. ఆ సిమెంటు మీద, పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో వేలితో రాసిన అక్షరం ఒకటి మట్టిలోంచి సగం కనిపిస్తోంది. ‘గ’.

అతనికి జ్ఞాపకం వచ్చింది. తను కెప్టెన్ అయిన ఏడాది వేసవిలో నాలుగు మూలలా గొట్టాలు పాతారు. సిమెంటు కలిపింది తనే. ఇక వీటిని ఎవరూ పట్టుకుని నిలబడక్కర్లేదు మాస్టారూ అని గర్వంగా చెప్పింది కూడా తనే. డేనియల్ ఎప్పుడు ఎటు వెళ్ళినా, ఎవరితో నవ్వినా, కర్ర ఇక్కడే నిటారుగా ఉంది. గీసినంతసేపూ దాన్ని ఒక్కసారైనా చూసినట్టు గవర్రాజుకి గుర్తులేదు. డేనియల్ తొడుక్కున్న బనీను రంగు మాత్రం, దాని వీపు మీద చిరుగుతో సహా, కళ్ళకి కట్టినట్టుంది.

తిట్టినా బాగుండును, మాస్టారు తిట్టలేదు. చీపురు అతని చేతికిచ్చి, నెమ్మదిగా నేల మీద కూర్చుని మోకాలు చాపుకున్నారు. దూరంగా డేనియల్, ఎవరూ చెప్పకుండానే, రెండో చీపురు వెతికి తెచ్చి ఆ చివర్నుంచి వంకర గీత చెరపడం మొదలుపెట్టాడు.

“ఆ డేనియల్ పనికొస్తాడో, పనికిరాడో నాకు తెలీదు” అన్నారు మాస్టారు. “నువ్వు రాసిందాన్లో నిజం ఉంటే ఉండొచ్చు. అది ఆట చూసినోడు చెప్పాలి.”

గవర్రాజు జేబు మీద చెయ్యి తీసేశాడు. కాగితం చెమటకి తడిసి ఉంది. మాస్టారు అతని వైపు చూడలేదు. ఎండ పడుతున్న జెండా కర్ర వైపు చూస్తూ, పొద్దున్న తనని అడిగిన ప్రశ్ననే తిరిగి అడిగారు.

“నాకు తెలిసింది ఈ కర్ర ఒక్కటేరా. చెప్పు. దీన్ని మార్చెయ్యమంటావా, వద్దంటావా?”