రాసభ శాసనం

కేతకీపురమనే రాజ్యం ఒకటుండేది. దాన్ని దుర్జయవర్మ అనే రాజు ఏలేవాడు. యుద్ధమన్నది ఎన్నడూ ఎరుగడు గాని, ఆయన బిరుదులన్నీ చదవడానికి వందిమాగధులకు అరగడియ పట్టేది.

రాజధానికి కావలసిన కట్టుబాట్లు చేయడానికి పదకొండుమందితో ఒక పురసభ ఉండేది. సభాపతి పేరు వాచస్పతి సోమయాజి. పాండిత్యమంతా ఆయన పేరులోనే ఉంది. ఆ లోటు బయటపడకుండా శాసనాలన్నీ ఊపిరాడనంత పొడుగు సంస్కృత సమాసాల్లో రాయించేవాడు. సభ్యులు తాంబూలం నములుతూ తలలూపేవారు. రాజు ఆవులిస్తూ ముద్ర వేసేవాడు.

ఏ శాసనమైనా అమలు చేసే ముందు ప్రజలకు చాటాలని పెద్దల నాటి నియమం. సోమయాజి దాన్నీ తప్పేవాడు కాదు. మావటీలు తప్ప మరొకరు తిరగని గజశాల వెనక, మిట్టమధ్యాహ్నం, దండోరా కొట్టించి ఒక్కసారి గబగబా చదివించేవాడు. ఏనుగులు చెవులాడించేవి. దాంతో పట్టణానికంతటికీ తెలియజేసినట్టే.

ఇలా ఉండగా, ఒకనాడు రేవులో బట్టలుతికే సింగన్న గాడిదలు నాలుగింటినీ భటులు తోలుకుపోయి బందెలదొడ్లో పెట్టారు. ఊరి మూటలన్నీ సింగన్న వీపు మీద పడ్డాయి. ఐదోనాటికి నడుం పట్టేసి మంచమెక్కాడు. ఉతకాల్సిన బట్టలు రేవుకు పోలేదు, ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పురసభ శాసనాలను తాటాకుల మీదికెక్కించే లేఖకుడి పేరు ఓబయ్య. సింగన్న భార్య పోలమ్మ ఏడుస్తూ అతని ఇంటికి వచ్చింది.

"అయ్యా, మావోడు చేసిన తప్పేందో మీరన్నా చెప్పండి."

"రాజవీథిలో గాడిదలు నడవకూడదని శాసనమైంది పోలమ్మా. చాటింపు మీవాడి చెవిన పడలేదా?"

"ఎందుకు పడలేదయ్యా! ఏనుగుల మీద కప్పే గుడ్డలు ఉతికి ఇయ్యబోయి అక్కడే ఉన్నాడు. 'రాసభ' అని ఏందో చదివారంట. రాజసభ సంగతేమోలే, మనకెందుకని ఇంటికొచ్చాడు. రాసభ అంటే గాడిదని మాకెట్టా తెలుస్తాదయ్యా? మా గాడిదలకే తెలవదు!"

ఓబయ్యకు నవ్వొచ్చింది. మరుక్షణమే సిగ్గేసింది. ఆ శాసనం రాసింది తన చెయ్యే కదా!

మర్నాడు అతను కొలువులో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, శాసనాలు జనం మాట్లాడుకునే తెలుగులో రాసి, నలుగురూ ఉండే సంతలో చాటిస్తే బాగుంటుందని మనవి."

సోమయాజి పకపకా నవ్వాడు. "రేవు భాషలో శాసనమా! ఇవాళ అర్థమైతే రేపొచ్చి ఎందుకని అడుగుతారు. ఇక శాసనానికి గౌరవమేం మిగులుతుంది?"

రాజు మీసం దువ్వాడు. "చాటింపు అయిన శాసనం తెలియదనడమే నేరం. అలా అన్నవాణ్ణి క్షమించేది లేదు."

"ఎవరైనా సరేనా ప్రభూ?"

"ఎవడైనా సరే!"

"చిత్తం," అని ఓబయ్య కూర్చున్నాడు.

ఆ వారం పురసభలో అతను తానే ఒక శాసనం రాసి, సభాపతి అనుమతితో గంభీరంగా చదివాడు: "స్వభాషానువాదాశక్త శాసనకర్తృజనోష్ణీషాపహరణపూర్వక రాసభారోహణ విధానము!"

"ఎన్ని పదాల సమాసమయ్యా?" అన్నాడు సోమయాజి కళ్లు మూసుకునే.

"పదమూడండీ."

"పదమూడే! మన సభలో ఇంత పొడుగుది ఎన్నడూ కాలేదు. బాగుంది, బాగుంది!"

పదకొండు తలలూ ఊగాయి. రాజముద్ర పడింది. గజశాల వెనక చాటింపూ అయింది.

అప్పుడు ఓబయ్య పురసభ ఎన్నడూ చేయని పని ఒకటి చేశాడు. రేవుకు వెళ్లాడు, సంతకు వెళ్లాడు, సాలెవీధిలో మగ్గాల దగ్గర కూర్చున్నాడు. కొత్త శాసనంలో ఏముందో తేట తెలుగులో విడమరిచి చెప్పాడు. కొత్వాలుకూ చెప్పాడు. మూడు రోజుల్లో పట్టణమంతా తెలిసిపోయింది, ఆ శాసనం చేసిన పదకొండుమందికీ, ముద్ర వేసిన ఒక్కరికీ తప్ప.

నాలుగోనాడు కొలువుకూటం కిటకిటలాడింది. ఇంతలో కొత్వాలు సింగన్న గాడిదలు నాలుగింటినీ తోలుకొచ్చి వాకిట్లో నిలిపాడు.

"ఏమిటీ అపచారం!" అని రాజు గర్జించాడు.

"తమ శాసనమే ప్రభూ. అమలు చేయడానికి వచ్చాను," అన్నాడు కొత్వాలు చేతులు కట్టుకుని.

రాజు సభాపతి వైపు తిరిగాడు. "ఏమిటయ్యా ఆ శాసనం? తెలుగులో చెప్పు."

సోమయాజి ఉత్తరీయం సర్దుకున్నాడు. "అదీ... ఉష్ణం అని ఉంది కదా ప్రభూ, ఎండలను గురించినది. రాసభ అంటే... ఆఁ, రాజసభ! రాజసభలో వేడి తగ్గించే విధానం!"

కూటం గొల్లుమంది. చదువురాని సింగన్న పడిన పొరపాటే వాచస్పతీ పడ్డాడు. మిగతా పదిమందీ నేలచూపులు చూశారు.

"మరి నీకు తెలుసా?" అని రాజు ముందు వరసలో నవ్వుతున్న పోలమ్మను అడిగాడు.

"తెలుసు దొరా! చేసిన శాసనాన్ని తన భాషలో చెప్పలేనోడి తలపాగా పీకి గాడిదెక్కించాల."

"తెలియదంటే క్షమించేది లేదని ప్రభువుల ఆజ్ఞ," అన్నాడు ఓబయ్య వినయంగా. "కాకపోతే గాడిదలు నాలుగే. శాసనకర్తలు, ముద్ర వేసినవారితో కలిపి, పన్నెండుమంది. ముందెవరో తమరే సెలవియ్యాలి."

రాజు చెయ్యి తన తలపాగా మీదికి పోయింది. ముఖం ఎర్రబడింది. ఉన్నట్టుండి ఆయన గట్టిగా అరిచాడు:

"చేసిన శాసనాన్ని తన భాషలో చెప్పలేనివాడి తలపాగా తీసి గాడిదెక్కించాలి! ఇదిగో, చెప్పాను. నేను గట్టెక్కాను!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నేనూ చెప్పగలను ప్రభూ!" అన్నాడు సోమయాజి.

"ఆలస్యమైందయ్యా. ఎక్కు."

ఆ పూట పురసభ నలుగురేసి చొప్పున రాజవీథి చుట్టి వచ్చింది. గాడిదలకు అంత బరువు అలవాటే గాని, అంత గొణుగుడు అలవాటు లేదు.

సాయంత్రానికి గాడిదలు సింగన్న ఇంటికి చేరాయి. రాజు ఓబయ్యకు శాలువా కప్పి, "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"ఇకమీదట ప్రతి శాసనాన్నీ ముందు సంతలో తెలుగులో చదవాలి ప్రభూ. 'అంటే ఏమిటి? ఎందుకు?' అని జనం అడిగినదానికి సభాపతి జవాబు చెప్పాకనే ముద్ర పడాలి."

రాజు సరేనన్నాడు.

ఆ ఏడాది పురసభ నలభై శాసనాలు సంతకు తెచ్చింది. అందులో రేవు మెట్లు బాగుచేయించేదీ, మురికికాలువ తవ్వించేదీ నిలిచాయి. తక్కిన ముప్పై ఎనిమిదీ ఎందుకో సభాపతికే తెలియలేదట.