దస్తగిరి చెవుల్లో దూది

దస్తగిరికి వచ్చిన తంటా అంతా ఓబులమ్మతోనే. పరీక్షలో తప్పింది, ఇంటికి పొమ్మన్నాడు, ఆమె పోలేదు. నిన్న పొద్దున మఠం గడప మీద కూర్చున్న మనిషి ఇవాళ పొద్దెక్కినా లేవలేదు. లోపలికి పోయేవాళ్లంతా ఆమెను తప్పుకుని పోవాల్సి వస్తోంది.

ఈ కథను మా వైపు ఇంకోలా చెప్పేవాళ్లున్నారు. గురువు దయ తలచి ఒక చెవిటి ముసలమ్మను కరుణించాడని చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. నేను మాత్రం అలా చెప్పను. దయ సంగతి పక్కన పెట్టండి. ఆమె లేవలేదు, అదీ కథ.

మఠమంటే గోపురాలూ మండపాలూ ఊహించుకోవద్దు. నాపరాళ్లు పరిచిన ఒక వసారా, ఒక అరుగు, వెనక సమాధుల దొడ్డి. అంతే. గురువు ఫకీరప్ప దూదేకుల మనిషి. పదిమంది కాళ్లు మొక్కే గురువైనాక కూడా కులవృత్తి మానలేదు. పొద్దున విల్లు పట్టి దూది ఏకేవాడు, సాయంత్రం తత్వాలు చెప్పేవాడు. రెడ్లు, బోయలు, మాదిగలు ఆయన ముందు ఒకే చాప మీద కూర్చోవాలి. అది నచ్చని ఊళ్లు ఆయన్ని పిలవడం మానేశాయి. ఆయనా ఆ ఊళ్లకు పోవడం మానేశాడు.

ఆ మఠానికి ఒక పద్ధతి ఉంది. ఏటా గురువు కొత్త తత్వం ఒకటి కడతాడు. ఉపదేశం కావాలన్నవాళ్లు దాన్ని నేర్చుకుని తప్పు లేకుండా పాడాలి. రెండు తప్పులదాకా ఓర్చుకుంటారు. మూడో తప్పు పడితే మళ్లీ ఏడాదే. పాడి నెగ్గినవాళ్లకు గురువు దుప్పటి కప్పి, కుడిచెవిలో ఒక మాట చెబుతాడు. ఆ మాట అందుకున్నవాళ్లకే వెనక దొడ్డిలోకి పోయి, సమాధి దగ్గర తంబూర పట్టే హక్కు.

నేర్పే పని దస్తగిరిది. పదిహేనేళ్లుగా గురువు దగ్గరే ఉన్నాడు. ఒక్కసారి వింటే చాలు, ఎంత పొడుగు తత్వమైనా ఆయనకు వచ్చేస్తుంది. అరుగు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, చరణం ఒక్కసారి చెప్పేవాడు. కిందవాళ్లు మూడుసార్లు అనాలి. మళ్లీ అడిగితే కసురుకునేవాడు. శ్రద్ధ ఉంటే ఒక్కసారి చాలని ఆయన నమ్మకం. తనకు చాలింది కాబట్టి.

ఓబులమ్మకు చాలలేదు. ఆమె నాపరాళ్ల గనిలో పదేళ్లు తట్ట మోసింది. ఒకనాడు తూటా ముందుగా పేలింది. ఆమె బతికింది గాని రెండు చెవులూ పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి చాలావరకు పట్టేస్తుంది. తాను మాట్లాడితే మాత్రం వీధి వీధంతా వినపడుతుంది.

ఆమె మొగుడు నల్లప్ప ఈ మఠం శిష్యుడే. చనిపోతే వెనక దొడ్డిలోనే కూర్చోబెట్టి సమాధి చేశారు. ఏటా ఆయన దినం నాడు నలుగురు లోపలికి పోయి తంబూర మీటుతూ పాడేవాళ్లు. ఓబులమ్మ కంచె బయట నిలబడి వాళ్ల నోళ్లు ఆడటం చూసేది. ఆ పాట తానే పాడాలని ఆమె కోరిక. అందుకు ఉపదేశం కావాలి. నాలుగేళ్లుగా వస్తోంది, నాలుగేళ్లుగా తప్పుతోంది. ఇది ఐదో ఏడు. నల్లప్ప దినం ఈసారి ఉపదేశం నాడే పడింది. పరీక్ష నాటికి దానికి ఇంకా నాలుగు రోజులుంది.

పరీక్ష తప్పగానే దస్తగిరి చెయ్యి ఊపి, ఇంక నీకు ఇది రాదు, ఇంటిపట్టున ఉండి దేవుణ్ణి తలచుకోమని చెప్పాడు. ఓబులమ్మ ఆయన పెదాలు చూసింది. లేచి గడపదాకా పోయి అక్కడ కూలబడింది.

"నా చెవులు పోయినాయి. నేను పోను," అంది. ఆ మాట వీధిలోవాళ్లు కూడా విన్నారు.

మరునాడు దస్తగిరి గురువు దగ్గరికి పోయాడు. ఫకీరప్ప దూది ఏకుతున్నాడు. విల్లు మోగుతున్నంతసేపూ ఆయన ఎవరికీ జవాబు చెప్పడు. అది తెలిసి కూడా దస్తగిరి ఆగలేకపోయాడు. కసి తనకు లేదన్నాడు. ఆమె అంటే గౌరవమేనన్నాడు. పద్ధతి పద్ధతే కదా అన్నాడు. చివరికి తన దగ్గరున్న పెద్ద మాట తీశాడు.

"ఉపదేశం చెవిలో చెప్పేది సామీ. ఆమెకు చెవే లేదు. మనమేం చేస్తాం?"

విల్లు ఆగింది. ఫకీరప్ప ఏకిన దూది రెండు పిడికెళ్లు తీసుకున్నాడు. పక్కనున్న ఆముదం గిన్నెలో ముంచి, పిండి, రెండు ఉండలు చేశాడు. దస్తగిరిని దగ్గరికి రమ్మన్నాడు. ఒకటి కుడిచెవిలో, ఒకటి ఎడమచెవిలో బొటనవేలితో గట్టిగా అదిమాడు. ఉపదేశందాకా తియ్యొద్దని చేత్తో చెప్పాడు.

ఆ పూటే ఇంకో కబురు పంపాడు. ఈ ఏటి తత్వం కొట్టేశాను, కొత్తది కట్టాను, నేనే నేర్పుతాను, అందరూ రావాలి. పాతది పాడి నెగ్గినవాళ్లు గొణుక్కున్నారు గాని వచ్చారు.

సాయంత్రం గురువు అరుగెక్కాడు. కళ్లు మూసుకున్నాడు. తల వంచి, గడ్డంలోకి చెప్పినట్టు ఒక్కో చరణం ఒక్కోసారి చెప్పాడు. అచ్చం దస్తగిరిలాగే.

దస్తగిరి చాప మీద ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనకు గోడ అవతల ఎవరో సణుగుతున్నట్టు ఉంది. అయినా ధైర్యంగానే ఉన్నాడు. పదిహేనేళ్ల సాధన ఎక్కడికి పోతుంది? పక్కవాళ్ల నోళ్లు చూసి పల్లవి దొరకబుచ్చుకున్నాడు. చరణం దగ్గర ఒకాయన మీసాలు అడ్డమొచ్చాయి. ఇంకొకాయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అంతలో పాఠం అయిపోయింది.

గురువు మొదట ఆయన్నే లేపాడు. దస్తగిరి పల్లవి పాడాడు. మొదటి చరణంలోనే ఒక తప్పు, వెంటనే ఇంకొకటి. మూడోది పడ్డాక ఫకీరప్ప మూడు వేళ్లు చూపించి గడప వైపు చెయ్యి చాపాడు.

దస్తగిరికి ఒళ్లు మండిపోయింది. అంతమందిలో నిలబడి గట్టిగా అనేశాడు. "మీరు అరుగు మీద కండ్లు మూసుకోని చెప్తే నాకెట్ల తెలుస్తాది సామీ?"

గురువు చాచిన చెయ్యి దించలేదు.

దస్తగిరి బయటికి నడిచాడు. గడప మీద ఓబులమ్మ ఉంది. ఆయన్ని చూసి నవ్వలేదు, జాలి పడలేదు. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. కొంగులోని వేయించిన శనక్కాయలు సగం ఆయన ఒళ్లో పోసింది. ఏదో అంది కూడా. ఏమందో ఆయనకు అంతుపట్టలేదు. ఇద్దరూ చాలాసేపు పొట్టు ఒలుచుకుంటూ కూర్చున్నారు.

రెండోనాడు ఫకీరప్ప అరుగెక్కలేదు. విల్లు తెచ్చి వసారా దూలానికి వేలాడగట్టాడు. వెలుతురు తన మొహం మీద పడేలా మధ్యలో కూర్చుని అందర్నీ చుట్టూ రమ్మన్నాడు. ఒళ్లో ఒక గంప పెట్టుకున్నాడు.

పల్లవి ఎత్తుకున్నాడు.

"గింజ విడువని పత్తికాయా, నారి దెబ్బకు తాళవే."

అంటూనే గంపలోంచి ఒక పత్తికాయ తీసి పక్కవాడి చేతిలో పెట్టాడు. అది చెయ్యి చెయ్యి మారింది. గింజ వేళ్లకు తగిలింది. తాళం పడే చోటల్లా ఆయన నారి మీద కొయ్యపిడితో కొట్టాడు. విల్లు కర్ర ఒణికింది. కావాలన్నవాళ్లు దాని మీద చెయ్యి వేసుకోవచ్చన్నాడు. తర్వాతి చరణానికి వడకడానికి చుట్టిన ఏకు బయటికొచ్చింది, ఆ తర్వాత దారం. అడిగినవాళ్లకు మళ్లీ చెప్పాడు. ఎన్నిసార్లడిగినా చెప్పాడు.

ఓబులమ్మను ఎవరూ పిలవలేదు. తానే లేచి లోపలికొచ్చి విల్లు కర్ర మీద అరచెయ్యి ఆనించింది. ఆమె వెనకాలే దస్తగిరి వచ్చి ఇంకో కొసన చెయ్యి పెట్టాడు.

చివరి చరణం దగ్గర గంప ఖాళీ అయింది. ఫకీరప్ప తన భుజం మీది తుండుగుడ్డ తీసి చేతుల మీదుగా పంపాడు.

"పుట్టిననాడు పొత్తిగుడ్డవి, పోయిననాడు తోడువి."

ఆ గుడ్డ ఓబులమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నల్లప్పను కూర్చోబెట్టినప్పుడు పైన గుడ్డ కప్పింది ఆమే. కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఎవరూ తొందర చేయలేదు. తర్వాత మొహం తుడుచుకుని పక్కకు అందించింది.

మూడోనాడు పరీక్ష. గొర్రెలకాపరి పుల్లన్న చెవులు మంచివే. అయినా మాట నిలవక మూడేళ్లుగా తప్పుతున్నాడు. ఆరోజు వేళ్లతో గాల్లో పత్తి ఒలుస్తూ, దారం తీస్తూ మొత్తం పాడేశాడు. పాడేశాక తానే నమ్మలేనట్టు చుట్టూ చూశాడు. ఓబులమ్మ వంతు వచ్చింది. శ్రుతి ఎటో పోయింది, గొంతు పైకప్పుకు తగిలింది. మాట ఒక్కటీ తప్పలేదు.

మఠంలో అందరికంటే పాత శిష్యుడు బాలిరెడ్డి. ఆయనకు ఇది మింగుడు పడలేదు. చెవిటోళ్ల కోసమని తత్వాన్ని పిల్లకాయల ఆట చేస్తిరి, మేము పడిన కష్టం వీళ్లకు లేదని లేచి నిలబడ్డాడు.

ఫకీరప్ప తలెత్తాడు. "పాటలో ఒక్క మాట తగ్గించినానా బాలిరెడ్డీ?"

"లేదు సామీ."

"మూడు తప్పుల్ని నాలుగు చేసినానా?"

"లేదు."

"మరి నీకు తక్కువైంది ఏంది?"

బాలిరెడ్డి కూర్చున్నాడు. కోపం పోయి కూర్చున్నాడని చెప్పను.

దస్తగిరి మాత్రం గురువు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తనకిన్నేళ్లలో ఒక్కసారైనా ఇలా నేర్పలేదేమని అడిగాడు. ఆ గొంతులో కాస్త అలక ఉంది.

ఫకీరప్ప ఆయన మొహంలోకి చూస్తూ, పెదాలు కనపడేలా నిదానంగా చెప్పాడు. "నీకు చెవులుండె. నాకు బుద్ధి లేకపోయె."

నాలుగోనాడు ఉపదేశం. దుప్పటి కప్పి చెవిలో మాట చెప్పడం తాతలనాటి ఆచారం. ఓబులమ్మకు వేరేగా ఏదో చేస్తాడని అందరూ చూస్తున్నారు. మొదట దుప్పటి కిందికి పోయింది పుల్లన్న. గురువు ఆయన అరచెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుని మాట చెప్పాడు. రెండోవాడికీ అంతే. వరసలో పదకొండు మంది ఉన్నారు, పదకొండు చేతులూ ఆ ముసలి గొంతు మీద ఆనాయి. ఏడో చెయ్యి ఓబులమ్మది. ఆమె దుప్పటి కింద మిగతావాళ్లకంటే ఎక్కువసేపూ లేదు, తక్కువసేపూ లేదు.

బయటికొచ్చి ఎవరి మొహమూ చూడకుండా తంబూర తీసుకుంది. కంచె తలుపు తోసుకుని వెనక దొడ్డిలోకి పోయింది. తంబూర బుర్రను రొమ్ముకు ఆనించుకుని, ఒక వేలితో మీటుతూ నల్లప్ప సమాధి ముందు కూర్చుని పాడింది. ఊరు ఊరంతా వింది. ఇన్నేళ్లూ ఆమెను బయట నిలబెట్టినవాళ్లు కూడా విన్నారు. వినాల్సిందే, వాళ్లకు చెవులున్నాయి కదా.

దస్తగిరికి ఒక్క మాటా అందలేదు. కంచె అవతల నిలబడి ఆమె నోరు ఆడటం చూశాడు. చివరి చరణం దాకా చూశాడు.

తర్వాత గురువు దగ్గరికి పోయి చెవులు చూపించి, ఇంక తియ్యొచ్చా అని సైగ చేశాడు. ఫకీరప్ప మొహం వెలుతురు వైపు తిప్పుకున్నాడు.

"తీసెయ్ నాయనా. మర్చిపోతావనుకుంటే మాత్రం ఉంచుకో."

దస్తగిరి రెండు ఉండలూ తీశాడు. పారెయ్యలేదు. పైగుడ్డ కొసన ముడేసుకున్నాడు.